పొడి పైజామా

కట్ట కింద వీధిలో వానాకాలం పొద్దున ఒకే ప్రశ్నతో తెల్లవారుతుంది. పాలు పోసేవాడు సైకిలు ఆపి, పక్కింటి దర్జీ షట్టరు సగం పైకెత్తి, ఎదురింటి మేడ మీంచి టీచరమ్మ జుట్టు ముడి వేసుకుంటూ, అందరూ అదే అడుగుతారు.

"పెద్దాయన లేచాడా? ఎంతవరకు?"

ఎంతవరకు అంటే తడి ఎంతవరకు అని. వానాకాలంలో పెద్దాయన నిద్ర లేచేసరికి ఆయన పైజామా పాదాల నుంచి పైకి తడిసి ఉంటుంది. మర్నాడు నది ఎంత ఎత్తుకొస్తుందో సరిగ్గా అంత ఎత్తుకి. చీలమండల దాకా తడిస్తే వీధిలోవాళ్ళు వాకిట్లో చెప్పులు లోపల పెట్టుకుంటారు. పిక్కల దాకా అయితే కింది అరలో పుస్తకాలు పై అరకెక్కుతాయి. మోకాళ్ళ దాకా అయితే ఫ్రిజ్ కిందకి ఇటుకలు చేరతాయి, దర్జీ మిషను బల్లెక్కుతుంది. అంతకు మించి ఆయన ఎప్పుడూ తడవలేదు. ఉద్యోగమంతా ఆనకట్ట మీద గేట్లు ఎత్తుతూ దించుతూ గడిపి, రిటైరైన ఏడాదే మొదలైంది ఇది, తోటివాళ్ళకి కీళ్ళనొప్పులు మొదలైనట్టు. డాక్టరు చూసి, వేళ్ళ సందులు ఒరిసిపోకుండా పౌడరు రాసుకోమన్నాడు. రాసుకుంటున్నాడు.

ఆ ఇంటి కోడలు వరద కంట్రోల్ రూమ్‌లో సమన్వయ అధికారి. పేరు గొప్పదే. పని మాత్రం, ఒకరి ముఖం ఒకరు చూసుకోని నలుగురి మధ్య రోజంతా కూర్చోవడం. ఆనకట్ట ఒక శాఖది, కరకట్ట ఇంకో శాఖది. ఊళ్ళో కాలువలూ పంపులూ మున్సిపాలిటీవి. జనాన్ని తరలించే లారీలు పోలీసులవి. నది ఒక్కటే ఎవరిదీ కాదు, అందుకని అది వచ్చినప్పుడల్లా నలుగురూ ఇంకొకళ్ళ వైపు చూస్తారు.

ఆ నలుగురినీ ఆమె ఎప్పుడో చదివేసింది. ఆనకట్ట ఇంజనీరుని అందరూ గేట్ల సారు అంటారు, ఆయన వదిలే నీళ్ళు ఎప్పుడూ తక్కువ చేసి చెప్తాడు. కరకట్ట ఇంజనీరు గట్టు సారు. కట్ట ఎక్కడ నెర్రె విచ్చినా "చెక్కుచెదరలేదు" అనడం ఆయనకి ఊతపదం. మున్సిపాలిటీ నుంచి వచ్చే పంపుల మేడమ్ అన్ని పంపులూ నడుస్తున్నాయంటుంది, ఏది నడుస్తోందో చెప్పమంటే ఫోను మోగినట్టు బయటికి వెళ్ళిపోతుంది. ఇన్‌స్పెక్టరు లారీలు సిద్ధం అంటాడు, ఎక్కడ సిద్ధమో అనడు. అందుకని ఆమె ఒకరి లెక్కకి కొంత కలిపేది, ఇంకొకరి లెక్కలో కొంత తీసేసేది, కూరలో ఉప్పు సరిచూసుకున్నట్టు. ఇన్నేళ్ళలో ఊరు పెద్దగా నష్టపోలేదంటే ఆ ఉప్పు చూసుకోవడం వల్లే.

కాకపోతే ఆఫీసు అనుమానం ఆఫీసులో ఆగుతుందా? సంచీలో పడి ఇంటికొచ్చేసింది. భర్త సిటీ బస్సు డ్రైవరు. లేటైందంటే ఏ స్టాపులో, ఎందుకు, ముందు ఏ బస్సు అడ్డం ఉంది అని నిలబెట్టి అడిగేది. ఆయన ఏమీ పట్టించుకోని మనిషి. "చెకింగ్ అయిందా, ఇక దిగమంటారా?" అని నవ్వి, అన్నానికి కూర్చునేవాడు.

మామగారి మీద అనుమానం మాత్రం నవ్వులాట కాదు. కిందటి ఏడు ఒక పొద్దున ఆమె ఆయన గదిలోకి వెళ్ళేసరికి, పైజామా పిక్కల దాకా మడిచి ఉంది, మడత లోపల మోకాళ్ళ దాకా తడి ఉంది. వీధికి మాత్రం పిక్కల దాకా అని చెప్పాడు. మర్నాడు నీళ్ళు మోకాలి లోతు వచ్చాయి, టీచరమ్మ పుస్తకాల పెట్టె నానిపోయింది. "ఎందుకు మడిచారు మామయ్యా?" అంటే "జారిపోతుంటే మడిచానమ్మా" అన్నాడు. ఆమె ఊరుకుంది కానీ మనసులో ముల్లు దిగింది. ముసలాయన తిన్నది ఆనకట్ట శాఖ ఉప్పు. పాతవాళ్ళు వచ్చి, నీళ్ళు తక్కువని చెప్పమంటే కాదనగలడా?

ఆనకట్ట వాళ్ళనే ఏముంది, ఆ పైజామా మీద నాలుగు శాఖలకీ కన్నే. ఆనకట్ట ప్యూను పొద్దున్నే వచ్చి గొడుగు మరిచిపోయానంటాడు, ఎండలో కూడా. కరకట్ట వాచ్‌మన్ అగ్గిపెట్టె అడుగుతాడు, బీడీ తాగడు. మున్సిపాలిటీ ఆవిడ చెత్త కోసం రెండుసార్లు వస్తుంది. పోలీసు జీపు ఇంటి ముందు నెమ్మదిగా సాగి, మలుపు దాకా పోయి, వెనక్కి తిరిగి మళ్ళీ సాగుతుంది. ఆఫీసులో మాత్రం ఎవరూ ఆ ఊసెత్తరు. పైజామా చూసుకుని, దానికి తగ్గట్టు అంకెలు రాసుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంటారు.

మడత సంగతి తర్వాత ఆమె మామగారి తడికి కూడా కొంత కలపడం మొదలుపెట్టింది. ఈ వానాకాలంలో రెండుసార్లు వీధిని ఖాళీ చేయించింది. రెండుసార్లూ చీలమండలు తప్ప తడవలేదు. జనం తిట్టుకుంటూ మూటలు విప్పుకున్నారు. కంట్రోల్ రూమ్ పెద్దసారు తలుపు వేయించి మరీ చెప్పాడు. "ఇంకోసారి ఊరికే జనాన్ని లేపితే ఆ కుర్చీలో మీరుండరమ్మా. నాలుగు సంతకాలు లేకుండా సైరన్ మోగితే ఒప్పుకునేది లేదు."

ఇలా ఉండగా ఒక పొద్దున పెద్దాయన పొడిగా లేచాడు.

ఎగువన వారం నుంచి ఒకటే వాన. నది మెట్లన్నీ మింగేసి కట్ట నడుం దాకా వచ్చి ఉంది. వీధంతా ఫ్రిజ్‌ల కింద పెట్టడానికి ఇటుకలు వెతుక్కుని కూర్చుంది. ఆయన వసారాలోకి వచ్చి నిలబడ్డాడు. ఇస్త్రీ చేసినట్టుంది పైజామా.

"పొడి!" అని పాలు పోసేవాడు అరిచాడు. దర్జీ చప్పట్లు కొట్టాడు. ఎదురింట్లోంచి బల్లలు కిందకి దించుతున్న చప్పుడు. ఆనకట్ట ప్యూను గొడుగు మాట కూడా ఎత్తకుండానే పరుగెత్తాడు. పోలీసు జీపు ఈసారి వెనక్కి తిరగలేదు, నేరుగా టిఫిను సెంటరు వైపు పోయింది.

కోడలు మాత్రం నమ్మలేదు. మామగారు మొహం కడుక్కోవడానికి వెళ్ళగానే ఆయన గదిలోకి వెళ్ళి మంచం కింద చూసింది. బకెట్‌లో చూసింది, బీరువా వెనక తడిమింది. విడిచిన తడిబట్ట ఎక్కడా లేదు. వెనక్కి తిరిగేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏం పోయిందమ్మా?"

"ఏం లేదు మామయ్యా."

"ఇలా రా. పట్టుకుని చూసుకో." పైజామా అంచు చేతికందించాడు. ఆమె సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే పట్టుకుని చూసింది, బట్టల కొట్లో గుడ్డ నలిపి చూసినట్టు. పొడే.

"నాకూ అర్థం కాలేదు," అన్నాడాయన. "నువ్వు నమ్మవులే. కానీ నాకూ అర్థం కాలేదు." గొంతులో బాధ ఉంది. ఆ బాధ నిజమేనా అని కూడా ఒక్క క్షణం అనుకుంది ఆమె. అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఆఫీసుకి భర్త బస్సులోనే వెళ్ళింది. వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద నది మట్టిరంగులో, చెట్ల కొమ్మలు మోసుకుంటూ పోతోంది. ఆ నీళ్ళు చూస్తే రేపు వీధి పొడిగా ఉంటుందని చిన్నపిల్ల కూడా నమ్మదు. అయినా ముసలాయన దొంగాట ఆడలేదు, గుడ్డ పట్టుకుని చూసింది తనే. మరి ఈ రెండూ ఎలా నిజమవుతాయి?

బస్సు ఆస్పత్రి స్టాపులో ఆగింది. అప్పుడు తట్టింది.

మామగారి కంటి ఆపరేషన్ అయింది ఇలాంటి వానాకాలంలోనే. కొండ మీది ఆస్పత్రిలో చేర్చారు. బయలుదేరే ముందురోజు పొద్దున ఆయన పొడిగానే లేచాడు. మర్నాడు వీధిలో మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. కన్ను హడావిడిలో ఎవరికీ ఆ రెండూ కలిపి చూసే తీరిక లేకపోయింది. అంటే ఆ తడి వీధిది కాదు. ఆయనది. ఆయన రేపు ఎంత లోతు నీళ్ళలో నిలబడతాడో అంత తడి. నిలబడకపోతే పొడి.

మరి రేపు ఆయన ఎందుకు నిలబడడు? ఊరు వదిలి వెళ్ళే ప్రయాణం ఏదీ లేదు. ఇల్లు దాటి కదలడు. ఆ ఆలోచన అక్కడితో ఆగలేదు. ఇంకో మెట్టు దిగింది. ప్రాణం లేని మనిషి కూడా నీళ్ళలో నిలబడడు.

"దిగవా? మీ స్టాపు," అన్నాడు భర్త అద్దంలోంచి.

"మధ్యాహ్నం బస్సు డిపోలో పెట్టకండి," అంది. "నాకు కావాలి."

"ఎందుకు?" అని ఆయన అడగలేదు. అడగడం ఆ ఇంట్లో ఆమె పని.

మీటింగు గదిలో నలుగురూ హాయిగా కూర్చుని ఉన్నారు. అలా ఒకేసారి అందరూ వెనక్కి వాలి కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"నీళ్ళు మామూలే," అన్నాడు గేట్ల సారు.

"కట్ట చెక్కుచెదరలేదు," అన్నాడు గట్టు సారు.

"పంపులన్నీ..." అంది మేడమ్.

"లారీలు..." అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఎంత కలపాలి, ఎంత తీసెయ్యాలి? ఆ లెక్కలన్నీ పైజామాలోంచి వచ్చినవే. ఒక్కటీ నదిలోంచి వచ్చింది కాదు. ఇన్నాళ్ళ తన ఉప్పు లెక్క ఇవాళ పనికిరాదని ఆమెకి అర్థమైంది. గేట్ల సారు వైపు తిరిగి, ఎప్పుడూ అడగని ప్రశ్న అడిగింది.

"మీ సంగతి వద్దు సార్. కరకట్ట వాళ్ళు మన దగ్గర ఏం దాస్తున్నారు? మీకేమనిపిస్తోంది?"

గేట్ల సారు కళ్ళు మెరిశాయి. ఇన్నేళ్ళకి తన అభిప్రాయం అడిగినవాళ్ళు కనపడ్డారు. "దాచడమా? ఇటుక బట్టీల వంపు దగ్గర కట్టలోంచి నీళ్ళు ఊరుతున్నాయి మేడమ్. గోనెపట్టాలు కప్పి పెట్టారు. నా డ్రైవరు చూశాడు."

గట్టు సారు ముఖం ఎర్రబడింది. "మేం పట్టాలు కప్పాం. మరి వీళ్ళు? పైన రిజర్వాయరు నిండిపోయింది. కొద్దికొద్దిగా వదిలితే జవాబు చెప్పుకోవాలని, ఇవాళ రాత్రి దాకా బిగబట్టి, అన్ని గేట్లూ ఒక్కసారి ఎత్తబోతున్నారు. గేట్లకి గ్రీజు పెడుతున్నారు పొద్దుట్నుంచీ. అడగండి!"

"పంపులు?" అంది ఆమె ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి.

"పంపులా! సగం పంపుల మోటార్లు విప్పి షెడ్డులో పడేశారు. మా కానిస్టేబుల్ రోజూ దాని మీదే కూర్చుని టీ తాగుతాడు."

పంపుల మేడమ్ కొంగు దులుపుకుని ముందుకి జరిగింది. "టీ తాగడం కాదు, మీ లారీలు ఎక్కడున్నాయో చెప్పండి ముందు. పక్క జిల్లాకి సభ డ్యూటీకి పంపారు. ఉన్నది ఒక్క వ్యాను, దానికి సెల్ఫ్ లేదు, తొయ్యాలి."

నలుగురూ పక్కవాళ్ళ మీద చాడీ చెప్పినంత ఉత్సాహంగా నిజం చెప్పేశారు. తమ గురించి ఎవరూ ఒక్క ముక్క అబద్ధమాడాల్సిన అవసరం కూడా రాలేదు. బీటలువారిన కట్ట, ఒక్కసారిగా ఎత్తబోయే గేట్లు, నడవని పంపులు, లేని లారీలు. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకున్న మొదటి మనిషి ఆమే.

"సంతకాలు పెట్టండి," అంది. "కట్ట కింద వీధి ఖాళీ చేయిద్దాం. సైరన్ వేద్దాం."

గేట్ల సారు పెన్ను జేబులోంచి తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "వాళ్ళు పెడితే పెడతాను."

"ముందు వాళ్ళని పెట్టమనండి," అన్నాడు గట్టు సారు.

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఉన్నమాట చెప్తున్నా. మీ మామగారు పొడిగా ఉన్నారు. రేపు చుక్క నీరు రాకపోతే నవ్వులపాలయ్యేది మేం." ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆ మాట పైకి వచ్చింది అదే మొదటిసారి. మిగతావాళ్ళు బల్ల వైపు చూశారు.

పెద్దసారుకి ఫోను చేసింది. ఆయన మొత్తం వినలేదు. "మీ ఇంట్లోనే పొడిగా ఉంటే మీకు భయమేంటమ్మా?" అన్నాడు. "మీ మామగారిని నమ్మరా?"

"నమ్మబట్టే సార్," అంది. ఆయనకి అర్థం కాలేదు, ఫోను పెట్టేశాడు.

ఇంటికొచ్చేసరికి పెద్దాయన వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దారినపోయేవాళ్ళు ఆ పైజామాకేసి చూసి, తృప్తిగా తలూపి పోతున్నారు. ఆమె ఎదుట నేల మీద కూర్చుంది.

"బట్టలు సర్దుకోండి మామయ్యా. కొండ మీద బడికి వెళ్దాం. ఆయన బస్సు తెస్తున్నారు."

"ఎందుకమ్మా? నేను పొడిగా ఉన్నాగా."

"అందుకే."

ఆయన ముఖం ముడుచుకుంది. "పొద్దున మంచం కింద వెతికావు. సరే, ఓర్చుకున్నాను. ఇప్పుడు నన్నే ముందు బండెక్కిస్తే, ఈ ముసలాడి మాట అబద్ధమని వీధి వీధంతా చాటింపు వేసినట్టు కాదూ? నేను రాను. పోతే ఇక్కడే పోతాను."

పోతే అన్న మాటకి ఆమెకి దుఃఖం ఆగలేదు. కంటి ఆపరేషన్ సంగతి చెప్పింది. తడి వీధిది కాదని, ఆయనదని చెప్పింది. "రేపు మీరు నీళ్ళలో ఉండరు మామయ్యా. అంతవరకే తెలుసు నాకు. బడిలో ఉంటారా, లేకపోతే..." మోకాళ్ళలో ముఖం పెట్టుకుని ఏడ్చింది.

ఆయన తన పాదాల వైపు చూసుకున్నాడు. అవి కొత్తగా కనపడుతున్నట్టు వేళ్ళు కదిపాడు.

"ఆ రోజు మడిచిన మాట నిజమే," అన్నాడు చివరికి. "గేట్లవాళ్ళు అడిగితే కాదు. నువ్వప్పటికి ఎన్ని రోజులైందో నిద్రపోయి. మోకాళ్ళ దాకా అంటే మళ్ళీ పరుగెత్తుతావని మడిచాను. ఒక్కపూట పడుకుంటావనుకున్నా. టీచరమ్మ పుస్తకాలు పోయాయి."

ఆమె తలెత్తి చూసింది. నమ్మాలా? నమ్మాలనే ఉంది. అయినా లోపల ఏదో పురుగు, గేట్లవాళ్ళు అడగలేదని రుజువేంటి అంటూనే ఉంది. ఆ పురుగుని ఆమె చంపలేకపోయింది. కానీ మొదటిసారి దాని మాట పట్టించుకోకుండా ఆయన చెయ్యి పట్టుకుంది.

"నేనొక్కణ్ణి వస్తే చాలా?"

"వీధంతా రావాలి. నేను చెప్తే రారు, రెండుసార్లు అయింది కదా. మిమ్మల్ని చూసి బల్లలు దించేశారు పొద్దున. వాళ్ళకి మీరే ప్రమాణం."

ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. బట్టలు సర్దుకుంటున్నాడనుకుంది. పెరట్లో డ్రమ్ము మూత తీసిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే చేత్తో చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. జీవితంలో గేటు అంగుళం ఎత్తితే అంగుళమనే చెప్పిన మనిషి.

"ఎంతవరకు?" అని అడిగాడు. వీధంతా రోజూ ఆయన్ని అడిగే మాట, ఆయన నోట వినడం అదే మొదలు.

ఆమె నలుగురు చెప్పిందీ మనసులో కూడింది. కళ్ళు తుడుచుకుంది.

"మెడ దాకా మామయ్యా. తల కూడా తడిపితే వానలో తడిసి వచ్చారనుకుంటారు."

మధ్యాహ్నం ఎండ కాస్త తేలిన వేళకి పెద్దాయన వీధిలోకి వచ్చాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది, పైజామా అంచుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అబద్ధం నోటితో చెప్పడం ఆయనకి చేతకాదు, అందుకని నడిచాడంతే. వీధి ఈ చివర నుంచి ఆ చివరికి, నెమ్మదిగా.

దర్జీ నోట్లో సూది అలాగే ఉండిపోయింది. "ఆయన కునుకు తీశాడేమో మధ్యాహ్నం," అని టీచరమ్మ గుండె పట్టుకుంది. "మెడ దాకా! దేవుడా, మెడ దాకా!" ఆ మాట ఇంటింటికీ పాకిపోయింది. అగ్గిపెట్టె వాచ్‌మన్ కట్టెక్కి పరుగు. గొడుగు ప్యూను సైకిలు మీద. పోలీసు జీపు టిఫిను సెంటరు నుంచి రివర్సులోనే వచ్చింది.

ఆమె ఆఫీసుకి చేరేసరికి కాగితం మీద నాలుగు సంతకాలు ఉన్నాయి. ఎవరు ముందు పెట్టారని ఎవరూ అడగలేదు. గేట్ల సారు రాత్రి దాకా ఆగకుండా అప్పుడే గేట్లు కొద్దికొద్దిగా ఎత్తడం మొదలుపెట్టాడు. గట్టు సారు ఇసుక బస్తాలతో ఇటుక బట్టీల వంపుకి వెళ్ళాడు. పంపుల మేడమ్ షెడ్డులో కూర్చుని మోటార్లు బిగించేదాకా మెకానిక్‌ని కదలనివ్వలేదు. లారీలు లేవు కానీ, సైరన్ మోగగానే ఇన్‌స్పెక్టరు ఊళ్ళోని సిటీ బస్సులన్నీ ఆపి మళ్ళించాడు. వాటిల్లో మొదటిది అప్పటికే కట్ట కింద వీధిలో తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది. పొద్దు గూకేలోపు వీధిలో పిల్లి కూడా మిగల్లేదు.

చీకటి పడ్డాక కట్ట తెగింది. ఆపగలిగినంత ఆపారు. అందువల్ల ఊరు మిగిలింది. వీధి మిగల్లేదు.

బడి హాల్లో ఆమె నిద్రపోలేదు. పెద్దాయనకి సాయంత్రం నుంచే తుమ్ములు, తర్వాత దగ్గు, తర్వాత ఒళ్ళు కాలిపోయే జ్వరం. నర్సమ్మ మాత్ర ఇచ్చి, ముసలి ఒళ్ళు, చన్నీళ్ళు తగలకుండా చూసుకోవాల్సింది అని వెళ్ళిపోయింది. ఆ మాట ఆమె గుండెలో బండరాయిలా కూర్చుంది. మెడ దాకా పోసుకోమన్నది తను. పొద్దున ఆయన పొడిగా లేచింది ఇందుకేనా? రేపు నీళ్ళలో నిలబడకపోవడానికి కారణం నది కాదేమో. నేనేనేమో. నది మీద, నలుగురు అధికారుల మీద, కట్టుకున్నవాడి మీద, కన్నతండ్రిలాంటి మనిషి మీద పెట్టుకున్న అనుమానమంతా తిరిగి తిరిగి ఆమె మీదకే వచ్చింది.

తెల్లవారింది. కిటికీలోంచి చూస్తే కట్ట కింద వీధి లేదు. మట్టినీళ్ళు, వాటి మీద కప్పులు, ఎదురింటి మేడ పిట్టగోడ. మామగారి గది కిటికీ ఎక్కడో కింద ఉంది. మనిషి నిలువు మీద ఇంకో నిలువు.

వెనక్కి తిరిగింది. చాప మీద ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దుప్పటి కదులుతోందో లేదో తెలియడం లేదు. దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. ముఖం వైపు చూసే ధైర్యం లేక పాదాల వైపు దుప్పటి ఎత్తింది.

పైజామా తడిగా ఉంది. పిక్కల దాకా.

నిన్న వేసుకున్న పైజామా కాదది, రాత్రి ఆమే మార్చిన పొడిది. ఒక్క క్షణం ఆమె ఒళ్ళు పులకరించింది. మరుక్షణం పురుగు మళ్ళీ లేచింది. నిన్న చెంబుతో పోసుకున్న మనిషే కదా? కోడలి ఏడుపు చూడలేక, రాత్రి ఆమె కళ్ళు మూతపడ్డ కాస్త సేపట్లో కుళాయి దగ్గరికి పోయి తడుపుకోలేదని ఏంటి నమ్మకం? ఆమె కోసమే ఒకసారి మడిచాడు, ఆమె కోసమే ఒకసారి తడిపాడు.

అంచు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. బడి కుళాయి నీళ్ళకి బ్లీచింగ్ కంపు. దీనికి లేదు. దీనికి ఒండ్రుమట్టి వాసన, నానిన చెట్టుబెరడు వాసన. వేళ్ళతో నలిపితే సన్నటి ఇసుక గరగరలాడింది. ఇది నది. రేపటి నది.

రేపు ఈ మనిషి పిక్కల లోతు నీళ్ళలో, తన రెండు కాళ్ళ మీద నిలబడి ఉంటాడు. ఆమె ఆయన నుదుటి మీద చెయ్యి వేసింది. చెమట పట్టి చల్లబడి ఉంది, జ్వరం దిగింది. ఆయన కళ్ళు తెరవకుండానే "ఏమ్మా?" అన్నాడు.

ఆమె కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. పక్క చాప మీంచి దర్జీ లేచి కూర్చున్నాడు. ఆ వెనక టీచరమ్మ, ఆ వెనక పాలు పోసేవాడు. కూలిపోయిన వీధి వీధంతా తలలెత్తి చూస్తోంది. దర్జీ భయంభయంగా అడిగాడు.

"ఏడుస్తున్నావేంటమ్మా? ఇవాళ ఎంతవరకు?"

"పిక్కల దాకా," అంది ఆమె. ఏడుస్తూ, నవ్వుతూ, హాలు ఆ చివరిదాకా వినపడేలా మళ్ళీ చెప్పింది. "రేపు మా మామయ్యకి పిక్కల దాకా!"